ప్లూటో నీడ కోసం కొన్న కెమెరా: క్యూహెచ్‌వై174 జీపీఎస్, రెండేళ్ళ వాడకం తర్వాత

ఈ కెమెరాతో నేను ఇప్పటిదాకా గోడకి తగిలించుకునే ఫొటో ఒక్కటి కూడా తియ్యలేదు. నెబ్యులాలు, గెలాక్సీలు తీద్దామనుకునేవాళ్ళకి ఇంతకంటే మంచి కెమెరాలు చాలా ఉన్నాయి, వాళ్ళు ఈ రివ్యూ చదవక్కర్లేదు. నేను దీన్ని కొన్నది ఒకే ఒక్క పని కోసం. ఎక్కడో సౌరకుటుంబం అంచున తిరిగే ఒక మరుగుజ్జు గ్రహం, దానికంటే ఎన్నో వేల రెట్లు దూరంలో ఉన్న ఒక నక్షత్రం ముందు నుంచి దాటిపోతుంటే, ఆ నక్షత్రం ఏ క్షణాన మాయమైంది, ఏ క్షణాన తిరిగొచ్చింది అని ఖచ్చితంగా రాసుకోవడానికి.

దీన్ని పుస్తకాల్లో ప్రచ్ఛాదనం అంటారు, మేం మాట్లాడుకునేటప్పుడు మాత్రం ఆకల్టేషన్ అనే అంటాం. సంగతి వినడానికి సులువే. నక్షత్రం అంత దూరంలో ఉంటుంది కాబట్టి దాని కిరణాలు మన దగ్గరికి సమాంతరంగా వస్తాయి, అందుకని మధ్యలో అడ్డొచ్చిన ప్లూటో ఎంత ఉంటుందో భూమ్మీద పడే దాని నీడ కూడా దాదాపు అంతే ఉంటుంది. ప్లూటో వ్యాసం 2377 కిలోమీటర్లు. ఆ నీడ సెకనుకి ఇరవై పైచిలుకు కిలోమీటర్ల వేగంతో నేల మీద నుంచి వెళ్ళిపోతుంది, దాని దారిలో మీరుంటే మీ నక్షత్రం నిమిషంన్నర పాటో ఇంకాస్త ఎక్కువో కనపడదు. పోయిన టైమూ వచ్చిన టైమూ మీ దగ్గరుంటే, వేగం ఎలాగూ తెలుసు, ఆ గ్రహం మీద ఈ చివర నుంచి ఆ చివరకి ఒక గీత గీసినట్టే. చిన్నప్పుడు లెక్కల్లో వృత్తానికి జ్యా అని చదువుకున్నాం చూడండి, అదే ఇది. మీరొక జ్యా, ఎక్కడో వంద కిలోమీటర్ల అవతల ఇంకొకరు ఇంకో జ్యా, ఇలా నాలుగైదు కలిస్తే మా టెలిస్కోప్‌లలో చుక్క కంటే పెద్దగా కనపడని ఒక లోకం ఆకారం బయటికొస్తుంది.

ఎంత బాగా బయటికొస్తుందో చెప్పడానికి నాకు ఎరిస్ అనే ఇంకో మరుగుజ్జు గ్రహం కంటే మంచి ఉదాహరణ దొరకదు. 2010 నవంబర్ 6న ఎరిస్ ఒక మసక నక్షత్రాన్ని కప్పింది. చిలీలో రెండు చోట్ల నుంచి మాత్రమే అది దొరికింది. అప్పుడు ఎరిస్ మన నుంచి భూమికీ సూర్యుడికీ మధ్య ఉన్న దూరానికి 96 రెట్ల దూరంలో ఉంది. ఆ రెండు జ్యాలతోనే దాని వ్యాసార్థం 1163 కిలోమీటర్లు అని, తేడా ఉంటే ఓ 6 కిలోమీటర్లు అటూ ఇటూ అని తేల్చారు. ప్లూటోని గ్రహాల జాబితా నుంచి తీసెయ్యడానికి కారణమైన ఎరిస్, తీరా చూస్తే ప్లూటో కంటే పెద్దది కాదని తెలియడానికి దారి వేసింది ఈ కొలతే. ఆరు కిలోమీటర్లు! నేను మొదటిసారి ఆ అంకె చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను.

ఇప్పుడు కెమెరా దగ్గరికి వద్దాం. నీడ సెకనుకి 22 కిలోమీటర్లు పోతోందనుకోండి, మీ గడియారం అర సెకను తప్పుగా ఉంటే మీ జ్యా 11 కిలోమీటర్లు పక్కకి జరిగిపోయినట్టు. మీరు ఎంత పెద్ద టెలిస్కోప్ పెట్టినా, ఆకాశం ఎంత తేటగా ఉన్నా, ఆ తప్పుని తర్వాత ఎవరూ సరిచెయ్యలేరు. లాప్‌టాప్ గడియారాన్ని ఇంటర్నెట్‌తో సరిచేసుకుంటే చాలదా అని అందరూ అడుగుతారు, నేనూ అడిగాను. గడియారం సరిగ్గా ఉన్నా, కెమెరాలో ఫ్రేమ్ పూర్తయిన క్షణానికీ అది కేబుల్ గుండా వచ్చి లాప్‌టాప్ దాని మీద టైమ్ వేసిన క్షణానికీ మధ్య కొంత ఆలస్యం ఉంటుంది. అది ప్రతి ఫ్రేమ్‌కీ ఒకేలా ఉండదు, డిస్క్ బిజీగా ఉంటే పెరుగుతుంది కూడా. అసలు చిక్కు అదీ.

క్యూహెచ్‌వై174 జీపీఎస్ చేసేదేంటంటే, ఆ టైమ్‌ని లాప్‌టాప్ దాకా రానివ్వకుండా కెమెరా లోపలే వేస్తుంది. కెమెరాలోనే జీపీఎస్ రిసీవర్ ఉంది, వెనకాల ఒక యాంటెన్నా తగిలిస్తాం, ప్రతి ఫ్రేమ్ ఎక్స్‌పోజర్ ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది, ఏ అక్షాంశం, ఏ రేఖాంశం, ఎన్నో ఫ్రేము అన్నవన్నీ ఆ ఫ్రేమ్ డేటాలోనే రాసి పంపిస్తుంది. తర్వాత కేబుల్‌లో ఎంత ఆలస్యమైనా మనకి సంబంధం లేదు. మధ్యలో ఒక ఫ్రేమ్ పోతే ఫ్రేమ్ నంబరు చూడగానే దొరికిపోతుంది. నాకు ఈ ఒక్క గుణం చాలు, మిగతావన్నీ దీని తర్వాతే.

రెండోది గ్లోబల్ షట్టర్. ఇందులో ఉన్నది సోనీ ఐఎంఎక్స్174 సెన్సర్, 1920 బై 1200 పిక్సెళ్ళు, ఒక్కో పిక్సెల్ 5.86 మైక్రాన్లు. ఈమధ్య వచ్చే చాలా ఆస్ట్రానమీ కెమెరాల్లో రోలింగ్ షట్టర్ ఉంటుంది, అంటే పై వరస ముందు, కింది వరస తర్వాత అన్నట్టు ఒక్కో వరస కాస్త కాస్త ఆలస్యంగా చదువుతాయి. మామూలు ఫొటోకి దాంతో నష్టం లేదు. ఆకల్టేషన్‌కి వచ్చేసరికి మీ నక్షత్రం ఏ వరసలో పడిందో చూసుకుని దానికి తగ్గట్టు టైమ్ సవరించుకోవాలి, గాలికి టెలిస్కోప్ కదిలి నక్షత్రం వరస మారితే ఆ లెక్క మళ్ళీ మారుతుంది. దీంట్లో అన్ని పిక్సెళ్ళూ ఒకేసారి తెరుచుకుని ఒకేసారి మూసుకుంటాయి. ఆ తలనొప్పి లేదు.

ఊరికే మాటలు కాకుండా ఒక ఆధారం కూడా చెప్తాను. 2017లో నాసా వాళ్ళ న్యూ హొరైజన్స్ అంతరిక్ష నౌక బృందం, తమ నౌక ప్లూటో తర్వాత చూడబోయే ఆరోకోత్ అనే చిన్న వస్తువు ఎలా ఉంటుందో ముందే తెలుసుకోవాలని, 16 అంగుళాల టెలిస్కోప్‌లు రెండు డజన్ల దాకా వరసగా పరిచింది. వాటన్నిటికీ తగిలించినవి ఈ కెమెరాలే. జులై 17న అర్జెంటీనాలో అయిదు టెలిస్కోప్‌లకి నీడ దొరికింది. ఆరోకోత్ మరుగుజ్జు గ్రహం కాదు, పొడవు 35 కిలోమీటర్ల దాకా ఉంటుందంతే, నక్షత్రం మాయమైంది సెకను పాటు కూడా లేదు. ఆ అయిదు గీతల్లోనే రెండు ముద్దలు అతుక్కున్న ఆకారం ఉంటుందని సూచన కనపడింది, 2019 జనవరి 1న నౌక పక్క నుంచి వెళ్ళినప్పుడు అదే ఆకారం ఫొటోల్లో వచ్చింది. కొనే ముందు నేను ఎన్నో స్పెసిఫికేషన్ పట్టికలు చూశాను కానీ, నా మనసు కుదుటపడింది మాత్రం ఇది చదివాకే.

వాడకంలో కష్టం లేదని చెప్పను. మొదటి కష్టం ఎల్ఈడీ కాలిబ్రేషన్. కెమెరా లోపల సెన్సర్ పక్కన ఒక చిన్న ఎల్ఈడీ ఉంటుంది, జీపీఎస్ సెకన్ల లయకి తగ్గట్టు అది వెలుగుతుంది. ఆ వెలుగు ఫ్రేమ్‌లో ఎప్పుడు పడుతోందో చూస్తూ ఎక్స్‌పోజర్ మొదలు, చివర విలువల్ని జరుపుకుంటూ పోవాలి. మొదలు విలువని కొద్దికొద్దిగా కదుపుతుంటే స్క్రీన్ మీద ఒక మూల వెలుగు కనపడి, ఒక్క అంకె దగ్గర టక్కున ఆరిపోతుంది. ఆ హద్దే మనకి కావలసింది. చివరి విలువకీ ఇంతే. ఎక్స్‌పోజర్ మారిస్తే మళ్ళీ చెయ్యాలి, ఫ్రేమ్ సైజు మారిస్తే మళ్ళీ చెయ్యాలి. నేను వాడే నాలుగు సెట్టింగ్‌లకి పగలే ఇంట్లో కూర్చుని చేసుకుని, అంకెలన్నీ ఒక అట్ట మీద రాసి లాప్‌టాప్ మూతకి లోపల అంటించుకున్నాను. చీకట్లో, టెన్షన్‌లో, వేళ్ళు కొంకర్లు పోతుండగా చేసే పని కాదది. ఇంకో మాట, కాలిబ్రేషన్ అవగానే ఎల్ఈడీ ఆపెయ్యడం మరిచిపోకండి, దాని వెలుగు రికార్డింగ్‌లో కలిసిపోతుంది. కెమెరాని నడిపే షార్ప్‌క్యాప్ అనే సాఫ్ట్‌వేర్‌లో జీపీఎస్ ప్యానెల్ తెరిస్తే ఇవన్నీ ఒకే చోట ఉంటాయి.

రెండోది జీపీఎస్ లాక్, అంటే రిసీవర్‌కి ఉపగ్రహాల సిగ్నల్ స్థిరంగా అందడం. యాంటెన్నాకి ఆకాశం బాగా కనపడాలి. నేను మొదట్లో యాంటెన్నాని టేబుల్ మీద, లాప్‌టాప్ వెనకాల పెట్టి పావుగంట ఎదురుచూశాను, లాక్ రాలేదు. తీసుకెళ్ళి కారు పైకప్పు మీద పెట్టగానే వచ్చింది. లాక్ వచ్చిందని వెంటనే నమ్మెయ్యడం కూడా పొరపాటే. జీపీఎస్ టైమ్‌కీ మనం వాడే ప్రపంచ ప్రామాణిక సమయం యూటీసీకీ ఇప్పుడు 18 సెకన్ల తేడా ఉంది, లీప్ సెకన్ల వల్ల. ఆ తేడా ఎంతో ఉపగ్రహాలే చెప్తాయి, అయితే వాటి పూర్తి సందేశం ఒకసారి తిరిగి రావడానికి 12న్నర నిమిషాలు పడుతుంది. చాలాకాలం పక్కన పెట్టిన ఏ జీపీఎస్ రిసీవర్‌కైనా ఆ సందేశం అందేదాకా సెకన్లు తప్పుగా ఉండే అవకాశం ఉంది. అందుకే నేను సామాను దించగానే చేసే మొదటి పని యాంటెన్నా బయటపెట్టి కెమెరాకి కరెంట్ ఇవ్వడం, టెలిస్కోప్ బిగించడం ఆ తర్వాత. అరగంట దానంతట అది నడుస్తుంది.

మూడోది ఫీల్డ్. నాది 11 అంగుళాల టెలిస్కోప్, ఆకాశం ఎక్కువ పట్టేలా చేసే ఫోకల్ రెడ్యూసర్ వేసినా ఈ సెన్సర్‌లో కనపడే ఆకాశం 22 బై 14 ఆర్క్‌నిమిషాలు, చందమామ కూడా పూర్తిగా పట్టదు. ప్లూటో ఈమధ్య ధనూరాశి దాటి మకరం వైపు ఉంటోంది, పాలపుంత పక్కనే కాబట్టి ఆ చోటంతా నక్షత్రాలే. 13, 14 మాగ్నిట్యూడ్ (ఈ అంకె పెరిగేకొద్దీ నక్షత్రం మసక) చుక్కల్లో మనది ఏదో పోల్చుకోవడానికి మ్యాప్ ప్రింటు తీసి, తలకిందులుగా ఒకటి, అద్దంలో చూసినట్టు ఒకటి పెట్టుకుని, నాలుగు రోజుల ముందు నుంచీ అదే చోటు వెతకడం ప్రాక్టీసు చెయ్యాలి. కొత్తవాళ్ళు ఎక్కువగా ఓడిపోయేది ఇక్కడే, టైమ్ దగ్గరపడ్డాక పక్క నక్షత్రం మీద కెమెరా పెట్టి కూర్చుంటారు.

నీడ ఎక్కడ పడుతుందో తెలియాలి కదా. నాకు ఆకల్ట్ వాచర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చెప్తుంది, నేనున్న చోటు ఇస్తే నీడ మధ్య గీత నాకు ఎన్ని కిలోమీటర్ల దూరంలో పోతుందో, చుట్టుపక్కల ఇంకెవరు చూడబోతున్నారో చూపిస్తుంది. నెప్ట్యూన్ అవతలి వస్తువులకైతే లక్కీ స్టార్ ప్రాజెక్టు వాళ్ళ లెక్కలు ఉంటాయి. ఇదంతా ఇంత నమ్మకంగా సాగడానికి గాయా ఉపగ్రహం కారణం. ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు. ప్లూటో దూరంలో ఒక ఆర్క్‌సెకనులో పదో వంతు తప్పు అంటే సుమారు 2500 కిలోమీటర్లు, ప్లూటో మొత్తం వెడల్పు కంటే ఎక్కువ, అంటే ఒకప్పుడు ఆ మాత్రం తప్పుకే నీడ మొత్తం మన చోటుని తప్పించుకుని పోయేది. 2016 నుంచి గాయా నక్షత్ర పట్టికలు వస్తున్నకొద్దీ నక్షత్రాల స్థానాలు ఆర్క్‌సెకనులో వెయ్యో వంతు కంటే మెరుగ్గా తెలిసిపోయాయి. ఇప్పుడు ప్లూటో నీడ కోసం ఒక బయలు వెతుక్కుని వెళ్ళి కూర్చోవచ్చు, వస్తుంది.

అలాంటి ఒక ప్లూటో నీడ కోసం మేం ఇద్దరం వెళ్ళాం, నేనూ మా స్నేహితుడూ, దాదాపు అరవై కిలోమీటర్ల ఎడంలో. నా దగ్గర ఈ కెమెరా. వాడి దగ్గర టెలిస్కోప్ నాకంటే పెద్దది, కెమెరా మాత్రం జీపీఎస్ లేనిది, దాని కంపెనీ పేరు ఇక్కడ అనవసరం ఎందుకంటే ఫొటోలకి అది నిజంగా మంచి కెమెరా. టైమ్ వాడి లాప్‌టాప్‌దే.

నేను ఎక్స్‌పోజర్ 250 మిల్లీసెకన్లు పెట్టాను. ఫ్రేమ్ మొత్తం తీస్తే డిస్క్ నిండిపోతుంది కాబట్టి మధ్యలో 800 బై 600 కత్తిరించుకున్నాను, మన నక్షత్రమూ, పోల్చుకోవడానికి ఇంకో మూడు నక్షత్రాలూ అందులో పడేలా. ఇరవై నిమిషాల రికార్డింగ్, 4800 ఫ్రేములు, నాలుగున్నర జీబీ పైన. సెన్సర్ చల్లబరిచే కూలర్ ఇందులో ఉంది, అందువల్ల రాత్రంతా ఫ్రేముల్లో నాయిజ్ ఒకే స్థాయిలో ఉంది, ముందు మూత పెట్టి తీసిన డార్క్ ఫ్రేములు తర్వాతా పనికొచ్చాయి. సంఘటన మధ్యకి పది నిమిషాల ముందు మొదలుపెట్టి పది నిమిషాల తర్వాత దాకా ఆపకూడదని నియమం పెట్టుకున్నాను, దానికి కారణం కింద చెప్తాను.

అప్పటికే ప్లూటో వచ్చి నక్షత్రంలో కలిసిపోయి ఉంది, రెండూ కలిపి ఒకటే చుక్క. టైమ్ దగ్గరపడింది. నేను చుక్కనే చూస్తున్నాను. చందమామ నక్షత్రాన్ని కప్పేటప్పుడు చూసిన అలవాటుకి టక్కున ఆరిపోతుందనుకుంటాం. ఇది అలా పోలేదు. ముందు నాకే అనుమానం వచ్చింది, మంచు పట్టిందా, మబ్బు వచ్చిందా అని, పక్క నక్షత్రాలు చూస్తే అవి ఎప్పటిలాగే ఉన్నాయి. మన చుక్క ఒక్కటే, ఎవరో దీపం వత్తిని మెల్లగా కిందికి తిప్పుతున్నట్టు, తగ్గుతూ తగ్గుతూ వెళ్ళింది. ప్లూటో వాతావరణం అది. నక్షత్రం వెలుగు రాయి వెనక్కి వెళ్ళే ముందు పలచటి నైట్రోజన్ గాలిలోంచి వంగి, చెల్లాచెదురై వస్తోంది. మన గాలి పీడనంలో లక్షో వంతు మాత్రమే ఉండే ఆ పొరని, నేను ఒక బయల్లో మడత కుర్చీలో కూర్చుని, నా కళ్ళతో చూస్తున్నాను. పూర్తిగా చీకటి కాలేదు, నాలుగో వంతు వెలుగు మిగిలింది, అది ప్లూటోదీ దాని పెద్ద చంద్రుడు కేరన్‌దీ. దాదాపు వంద సెకన్లు. మళ్ళీ అంతే మెల్లగా పైకి లేచింది. ప్లూటో నుంచి వెలుగు మన దాకా రావడానికి నాలుగున్నర గంటలకి పైగా పడుతుంది, అంటే ఆ అడ్డు పడటం సాయంత్రమెప్పుడో అయిపోయింది, మాకు ఇప్పుడు అందింది.

ఫోన్ మోగింది. "ఏరా, పోయిందా నీకు?" అన్నాడు. "పోయి వచ్చిందిరా, రికార్డింగ్ ఆపకు, ఇంకా పది నిమిషాలు ఉంచు" అన్నాను. వాడి గొంతు వణుకుతోంది, నాదీ అంతే.

ఆపొద్దని ఎందుకన్నానంటే హౌమియా అనే మరుగుజ్జు గ్రహం వల్ల. 2017 జనవరి 21న హౌమియా ఒక నక్షత్రాన్ని కప్పినప్పుడు యూరప్‌లో పది అబ్జర్వేటరీల నుంచి చూశారు. అసలు చీకటికి ముందొకసారి, తర్వాతొకసారి వెలుగు కాస్త తగ్గి లేచింది. అలా దొరికింది హౌమియా చుట్టూ ఉన్న ఉంగరం, వ్యాసార్థం 2287 కిలోమీటర్లు, వెడల్పు 70. ఒక మరుగుజ్జు గ్రహానికి ఉంగరం ఉందని తెలియడం అదే మొదటిసారి. నెప్ట్యూన్ అవతలే తిరిగే క్వావార్ సంగతి ఇంకా విచిత్రం, దాని ఉంగరం 4100 కిలోమీటర్ల దూరంలో ఉంది, ఆ దూరంలో ముక్కలన్నీ కలిసి ఎప్పుడో చంద్రుడిగా మారిపోవాల్సింది, ఇప్పటికీ ఉంగరంగానే ఉంది. 2023లో ఆ ఫలితం వచ్చినప్పుడు అందులో ఆస్ట్రేలియా అమెచ్యూర్లు తీసిన రికార్డింగ్‌లు కూడా ఉన్నాయి. వాళ్ళు నక్షత్రం తిరిగొచ్చింది కదా అని వెంటనే ఆపేసి సామాను సర్దుకుని ఉంటే?

మర్నాడు ఇద్దరి ఫైళ్ళూ టాంగ్రా అనే సాఫ్ట్‌వేర్‌లో పెట్టి వెలుగు కొలిచాం. గ్రాఫ్ చూస్తే వాడిది నాకంటే అందంగా ఉంది, టెలిస్కోప్ పెద్దది కాబట్టి గీత నున్నగా వచ్చింది. నాది కాస్త గరుకు. ఇద్దరికీ మధ్య క్షణం ఎప్పుడు రావాలో లెక్క కట్టి చూస్తే నాది గీత మీద కూర్చుంది, వాడిది సెకను మీద ఇంకో 0.4 సెకను పక్కకి పోయింది. 30 కిలోమీటర్లు. సాయంత్రం ఇంటి దగ్గర గడియారం సరిచేసుకుని బయల్దేరాడు, బయల్లో ఇంటర్నెట్ లేదు, అయిదారు గంటల్లో లాప్‌టాప్ ఎంత జరిగిందో, కేబుల్‌లో ఎంత పోయిందో విడదీసి చెప్పడానికి ఏ దారీ లేదు. వాడి గ్రాఫ్ వంపుని బట్టి వాతావరణం గురించి కొంత తెలుసుకోవచ్చు, అది వృథా కాలేదు. జ్యాగా మాత్రం దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియదు. వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఈ రివ్యూ రాయాలని నాకు అనిపించింది ఆ సాయంత్రమే.

ప్లూటో విషయంలో ఈ కొలతలు ఎందుకు ఆగకూడదో కూడా చెప్పాలి. 1988 జూన్ 9న కైపర్ విమాన అబ్జర్వేటరీ నుంచి జేమ్స్ ఎలియట్ బృందం చూసిన ఆకల్టేషన్‌తోనే ప్లూటోకి వాతావరణం ఉందని గట్టిగా తేలింది. ఆ మరుసటి ఏడాది నుంచి ప్లూటో సూర్యుడికి దూరంగా జరుగుతూ వచ్చింది, చలికి ఆ గాలి గడ్డకట్టి కూలిపోతుందని చాలామంది అనుకున్నారు. జరిగింది దానికి వ్యతిరేకం, 2016 వచ్చేసరికి పీడనం మూడింతలైంది. ఆ సంగతి తెలిసింది ముప్పై ఏళ్ళ పాటు ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట ఇలా నక్షత్రం ముందు కాపలా కాశారు కాబట్టి. న్యూ హొరైజన్స్ నౌక వెళ్ళి చూసింది 2015 జులైలో ఒక్కసారే. మిగతా సంవత్సరాల లెక్కంతా ఆకల్టేషన్లదే. 2020 జూన్ 6న ఉత్తరాఖండ్‌లో ఉన్న దేవస్థల్‌లోని 3.6 మీటర్ల టెలిస్కోప్‌తో కూడా ఇలాగే కొలిచారు.

కెమెరాలో నాకు నచ్చనివి ఉన్నాయి. సెన్సర్ డిజైన్ పాతది, ఇప్పుడొచ్చే వెనక నుంచి వెలుగు తీసుకునే రకం సెన్సర్లకి నాయిజ్ దీనికంటే తక్కువ. చాలా మసక నక్షత్రాలకి, అంటే 15 దాటితే, నా టెలిస్కోప్‌కి ఎక్స్‌పోజర్ సెకను దాకా పెంచక తప్పడం లేదు, పెంచితే టైమ్ మొరటుగా వస్తుంది. మాన్యువల్ కొత్తవాళ్ళకి అర్థమయ్యేలా లేదు, కాలిబ్రేషన్ అంటే ఏంటో నాకు తెలిసింది ఇతర అబ్జర్వర్లని అడిగాకే. కేబుల్ గురించి కూడా జాగ్రత్త. నేను విడిగా కొన్న పొడవాటి యూఎస్‌బీ కేబుల్ ఒకటి మధ్య మధ్యలో ఫ్రేములు మింగేసింది, ఫ్రేమ్ నంబర్లు ఉన్నాయి కాబట్టి పట్టుకోగలిగాను. పొట్టి కేబుల్ వాడండి, కదలకుండా టెలిస్కోప్‌కి కట్టేయండి.

ఇది అందరూ కొనాల్సిందేనా అంటే, లేదు. ఏడాదికి ఒకటో రెండో ఆకల్టేషన్లు చూద్దామనుకునేవాళ్ళు, పాత వీడియో కెమెరా ఉన్నవాళ్ళు, జీపీఎస్ టైమ్‌ని వీడియో మీద ముద్రించే చిన్న పెట్టె ఒకటి దొరుకుతుంది, దాంతో మొదలుపెట్టొచ్చు, దానితో పంపిన కొలతల్ని కూడా తీసుకుంటారు. నీడ అంచున ఉండి నక్షత్రం అసలు ఆరకపోయినా ఆ సంగతే రిపోర్టుగా పంపండి, గ్రహం అక్కడిదాకా లేదని చెప్పడానికి అదే సాక్ష్యం. నెలకి నాలుగైదు రాత్రులు ఈ పని మీదే ఉండేవాళ్ళకి, ముఖ్యంగా దూరపు చిన్న లోకాల మీద మనసు పడ్డవాళ్ళకి, ఇంటర్నెట్ లేని చోట్లకి సామాను మోసుకెళ్ళేవాళ్ళకి మాత్రం నేను ఇదే చెప్తాను. అయిదుకి నాలుగున్నర. ఆ అర మార్కు మాన్యువల్‌కి తగ్గించాను.

మా వాడు ఇప్పుడు ఇదే కెమెరా తీసుకున్నాడు. మొన్న ఒక చిన్న గ్రహశకలం కోసం మళ్ళీ అదే ఎడంలో కూర్చున్నాం, నక్షత్రం పోయింది మూడు సెకన్లే. ఈసారి రెండు జ్యాలూ ఒకే దీర్ఘవృత్తం మీద పడ్డాయి. వాడు ఆ గ్రాఫ్ ప్రింటు తీసుకుని, పాత ప్లూటో గ్రాఫ్ పక్కనే పెట్టుకున్నాడు.